మధ్యలో దూరిన ఫ్రేములు

తెర మీద నూట నలభై ఒకటి అన్న అంకె చూసి వెలిజార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. అంకె మారలేదు.

పొద్దున్న పదిన్నర కావస్తోంది. "వీహర్ 16" అనే, కంప్యూటర్ ఆటల బొమ్మలు గీసే కొత్త గ్రాఫిక్స్ కార్డు గురించి పన్నెండింటి దాకా ఎవరూ నోరు విప్పకూడదని తయారీదారుల షరతు. పన్నెండు కొట్టగానే దేశదేశాల సైట్లన్నీ ఒక్కసారిగా తమ పరీక్షల ఫలితాలు బయటపెడతాయి. ప్లోవ్‌దివ్‌లోని ఈ మూడు గదుల ఆఫీసూ అప్పుడే పెట్టాలి. ఆలస్యమైతే చదివేవాడుండడు.

తప్పు పెడితే మాత్రం వెలిజార్‌కి ఈ బల్ల ఉండదు. పోయిన నెల ఒక కార్డును కంప్యూటర్ పెట్టె మూత తీసి, ఇంకోదాన్ని మూత వేసి కొలిచాడాయన. గాలి తగిలి చల్లబడ్డ కార్డే గెలిచింది. పాఠకులు పట్టుకున్నారు. సంపాదకురాలు గెర్గానా తన పేరుతోనే క్షమాపణ రాసి, తర్వాత ఆయన్ని పిలిచి, "ఇంకోసారి ఇలా జరిగితే పరీక్షల పని వేరేవాళ్లకి అప్పగిస్తాను వెలిజార్ గారూ" అంది. గట్టిగా కూడా అనలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. యాభై ఎనిమిదేళ్లవాడికి కొత్తగా పనెవరిస్తారు?

కాగితం ముందు పెట్టుకుని మొదటినుంచీ చూశాడు. పోటీలో ఉన్న పాత కార్డు ఓరియా 12. దానికి పన్నెండు గిగాబైట్ల మెమరీ, రెండువందల ఇరవై వాట్ల కరెంటు. వీహర్‌కి పదహారు గిగాబైట్లు, రెండువందల ఎనభై వాట్లు. పది ఆటల్లో వీహర్ ఎనిమిది తొమ్మిది శాతం ముందుంది. ఆ వివరాలకి తగిన తేడానే అది. పదకొండో ఆటలో మాత్రం ఓరియా సెకనుకి తొంభై ఆరు ఫ్రేములు, అంటే తొంభై ఆరు బొమ్మలు గీస్తే, వీహర్ నూట నలభై ఒకటి చూపించింది. నలభై ఏడు శాతం. ఎక్కణ్ణుంచి వచ్చింది ఇంత బలం?

తీగలు చూశాడు. కార్డు దిగాల్సిన గాడిలోనే దిగింది. వేడి మామూలుగానే ఉంది. పెట్టె మూత ఉందో లేదో మూడుసార్లు తడిమాడు.

ఒక్క అనుమానం మిగిలింది. వీహర్‌లో ఒక సదుపాయం ఉంది. గీసిన రెండు ఫ్రేముల మధ్య కార్డు తానే ఊహించి ఇంకోటి దూరుస్తుంది. బొమ్మ సాఫీగా కదులుతున్నట్టు కనబడుతుంది, అంకె పెరుగుతుంది, కానీ ఆ ఫ్రేము నిజంగా గీసింది కాదు. ఓరియాకి ఆ విద్య రాదు. అందుకే నిన్ననే, ఈ ఆటను వీహర్ మీద నడిపిన తోటి ఉద్యోగి కామెన్‌ని, "మధ్య ఫ్రేములు ఆన్ చేశావా?" అని అడిగాడు. కామెన్ నోటినిండా బానిత్సా అనే జున్ను రొట్టె, చెవి దగ్గర ఫోను. తల కిందికీ పైకీ ఊపాడు. ఈ దేశంలో ఎవరు అలా ఊపినా లేదనే అర్థం. వెలిజార్ కాగితంలో "లేదు" అని రాసుకున్నాడు.

ఇంతలో గెర్గానా తలుపు దగ్గర నిలబడి, "శీర్షిక కుదిరిందండీ. 'నలభై ఏడు శాతం ముందంజ!' బాగుంది కదూ?" అంది.

"ఒక్క అరగంట ఆగండి, గెర్గానా గారూ."

ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది. తన గదిలోకి వెళ్లిపోయింది.

పదకొండుకి కామెన్ ఈలవేసుకుంటూ వచ్చాడు. జర్మనీలో పదకొండేళ్లు పనిచేసి మూడు నెలల కిందటే తిరిగొచ్చినవాడు.

"కామెన్, నిన్న మధ్య ఫ్రేములు ఆన్ చేశావా అంటే ఏం చెప్పావురా?"

"చేశానని చెప్పానుగా అన్నా. కొత్తదాని గొప్పంతా అదే కదా అని పెట్టాను."

"ఎప్పుడు చెప్పావు?"

"తలూపానుగా!"

"అలా ఊపితే లేదని కదరా!"

కామెన్ భుజానున్న సంచీ కిందికి జారింది. "అయ్యో, అన్నా! హాంబుర్గ్ అలవాటు. మొన్న మా అమ్మ సూప్ ఇంకాస్త వెయ్యనా అంటే ఇలాగే ఊపాను. గిన్నె తీసుకుపోయింది."

"నీకు పోయింది గరిటెడు సూప్. నాకు పోయేది ఉద్యోగం."

కామెన్ ఆ సదుపాయం ఆపి ఆట మొదలుపెట్టాడు. తప్పు దాచుకోవాలని చూడలేదు, అదొక్కటి నయం అనుకున్నాడు వెలిజార్. మిగతా పది ఆటలూ తాను స్వయంగా నడిపినవే. అదింకో నయం.

గెర్గానా గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు.

"ఇప్పుడా చెప్పడం!"

"పన్నెండు దాటాక చెప్పడం కంటే నయం కదండీ."

మూడుసార్లు నడపడానికి ముప్ఫై అయిదు నిమిషాలు పట్టింది. నూట నాలుగు. నూట మూడు. నూట నాలుగు. ఎనిమిది శాతం. పట్టిక దిద్దడం మొదలుపెట్టాడు. దిద్దడం పూర్తవకముందే పన్నెండయింది.

గెర్గానా ఫోను పట్టుకుని పరుగున వచ్చింది. "చూడండి, పెద్ద సైట్లు రెండూ ఈ ఆటలో నలభై శాతానికి పైనే ఇచ్చాయి. లోకమంతా ఒకటంటుంటే మనమొక్కరమే ఎనిమిది అంటే నవ్వరూ?"

వెలిజార్ మొదటి సైటు తెరిచి పట్టిక కింద చీమల్లాంటి అక్షరాలు చదివాడు. "మధ్య ఫ్రేములతో కలిపి" అని ఉంది. రెండో సైటులో ఏ మాటా లేదు. వాళ్లెలా కొలిచారో తెలుసుకునే దారీ లేదు.

"రెండు అంకెలూ వేద్దామండీ. ఊహించి దూర్చినవి కలిపితే ఇంత, గీసినవే లెక్కేస్తే ఇంత అని. శీర్షికలో మాత్రం ఎనిమిదే."

"మళ్లీ తప్పయితే?"

"నా పేరు పెట్టండి. క్షమాపణ ఈసారి నేనే రాస్తాను."

ఆమె పట్టిక కింద ఆయన పేరు చేర్చింది. పన్నెండూ పదికి మీట నొక్కింది.

మొదటి వ్యాఖ్య నిమిషంలోనే వచ్చింది. "అందరికీ నలభై, మీకు ఎనిమిదా? మీ కార్డుకి జ్వరమేమో, కషాయం పట్టించండి." కామెన్ పళ్లు కొరికాడు. పాతిక నిమిషాలు ముగ్గురూ ఆ తెర ముందే ఉన్నారు. ఆ తర్వాత ఎవరో రెండో పెద్ద సైటు వాళ్లని నేరుగా అడిగితే, వాళ్లూ మధ్య ఫ్రేములు కలిపే కొలిచామని ఒప్పుకున్నారు. ఆ జవాబును ఒక పాఠకుడు తెచ్చి వెలిజార్ పట్టిక కింద అతికించాడు.

గెర్గానా అది రెండుసార్లు చదివి లేచింది.

"సోమవారం ఇంకో రెండు కార్డులు వస్తున్నాయి. బల్ల ఖాళీ చేసి ఉంచండి, వెలిజార్ గారూ."

"ఏవండీ అవి?" అంటూ ఆయన అప్పుడే బల్ల మీది తీగలు చుట్టసాగాడు.