మేజర్ గారి గోడ

"సెంజోని కాల్చింది అమెరికావాడు కాదు, మీరే! మీరే కాల్చారు!"

గుహ ముందు నిలబడి ఊరి ఆడమనిషి తోమె అరిచిన అరుపుకి, తుపాకీ ఎత్తాలో తల దించుకోవాలో తెలియక కావలి సైనికుడు మేజర్ షిరామిజు వంక చూశాడు. మేజర్ గారు టీ తాగుతున్నారు. దేశమంతా తగలబడుతున్నా ఆయన టీ మాత్రం చల్లారకూడదు.

సంగతి ఇదీ. టోక్యో నుంచి కొత్త రకం ఫిరంగి వచ్చింది. రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టం. గుండు ముందుకి, మంట వెనక్కి. అందుకే అది వెనక్కి తన్నదు, ఇద్దరు మనుషులు మోసుకుపోవచ్చు. శత్రువు టాంకులు ఈ క్యూషూ దీవి ఒడ్డుకి రాగానే కొండ గుహల్లోంచి దీంతో కొట్టాలట. మంట పోవాలి కాబట్టి గుహకి వెనక కూడా కన్నం పెట్టమని ఇంజనీరు చెప్పాడు. తోమె, ఊళ్లోని మిగతా ఆడవాళ్లు చేతులు బొబ్బలెక్కేలా కొండని ఆ చివరిదాకా తవ్వారు.

మేజర్ వచ్చి ఆ కన్నం చూశారు. మంట పోయే దారి ఆయనకి కనపడలేదు. మనుషులు పారిపోయే దారి కనపడింది.

"చక్రవర్తి సైన్యానికి పెరటి గుమ్మం దేనికి? మూసెయ్యండి!"

కన్నం కంటే ముందు ఇంజనీరు నోరు మూతబడింది. తవ్విన ఆడవాళ్ల చేతే రాళ్లు మోయించి గోడ కట్టించారు.

నిన్న మొదటి పరీక్ష. ఫిరంగి మాట నిలబెట్టుకుంది, వెనక్కి తన్నలేదు. మంట మాత్రం గోడకి కొట్టుకుని తిరిగొచ్చి, దాన్ని పేల్చిన సైనికుడు సెంజో వీపు మీద పడింది. మేజర్ పరిశీలించి తేల్చిన లోపం ఒక్కటే: సెంజోకి ఆత్మబలం తక్కువ. ఇవాళ మధ్యాహ్నం రెండో పరీక్ష. ఆత్మబలం నిండుగా ఉన్నవాడు కావాలని తోమె తమ్ముడు కుమహాచిని ఎంచారు.

"అక్కా, ఇంటికి పోవే. పరువు తీస్తున్నావ్," అని గొణిగాడు కుమహాచి.

"నోర్ముయ్యరా. బొబ్బలెక్కేది పరువుకి కాదు, వీపుకి."

మేజర్ కప్పు దించారు. "ఏమమ్మా, వాడికి లేని భయం నీకెందుకు?"

"వాడు మీ ఉపన్యాసం విన్నాడండీ. నేను సెంజో వీపుకి మా ఇంట్లో మిగిలిన ఆఖరి నూనె రాశాను."

"ఆ గోడ తీస్తే వీళ్లు పారిపోతారు!"

"ఎక్కడికండీ? అవతలున్నవి మా చిలగడదుంప చేలు. వస్తే రమ్మనండి, కలుపు తీయిస్తాం!"

వెనక ఆడవాళ్లు పకపకా నవ్వారు. కావలివాడు పెదవి కొరుక్కున్నాడు. కుమహాచి ఒక్కడే నవ్వలేదు. వాడి చూపు మసిబారిన గోడ మీద ఆగిపోయింది. చెయ్యి తనకి తెలియకుండానే వీపు మీదికి పోయింది.

తోమె అది చూసింది. ఇక గౌరవాలన్నీ పక్కన పెట్టి మేజర్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"మధ్యాహ్నం దాకా ఆగేది లేదు. మీ వాళ్లకి పలుగులిచ్చి ఆ గోడ ఇప్పుడే పడగొట్టించండి. అది పడేదాకా నా తమ్ముడు ఆ గొట్టం ముట్టుకోడు, ఇంకెవరి తమ్ముడూ ముట్టుకోడు. కాదు, గోడ ఉండాల్సిందే అంటారా? ఐతే లేవండి మేజర్ గారూ. ఫిరంగికీ గోడకీ మధ్య మీరే నిలబడండి!"