కట్ట లేని నీళ్ళు

ఊరి చెరువుకు తూము తీసి, మడిమడికీ నీళ్ళు పంచే నీరుగంటి ఉలిగప్పకు ఆ వేసవిలో పరువు పోయింది. పోయింది చెరువు దగ్గర కాదు, సముద్రం దగ్గర.

1958లో పెద్దరైతు రంగప్పకు కళ్ళ ఆపరేషనైతే తోడుగా మద్రాసు వెళ్ళాడు. తిరుగుదారిలో ధర్మవరంలో రైలు మారి పెనుకొండలో దిగేదాకా నోరు బిగబట్టుకున్నవాడు, ఊరి చావడి చేరగానే విప్పేశాడు.

"అవతలి ఒడ్డే కనపడదప్పా! గాలి లేకపోయినా అలలే. భూమ్మీద ముక్కాలు భాగం ఆ నీళ్ళేనంట, రైల్లో ఒకాయన చెప్పె."

"సరేలే, కట్ట ఎంత పొడుగుండాది?" అన్నాడు సంజీవప్ప.

"కట్ట లేదు."

"తూము?"

"అదీ లేదు."

చావడంతా నవ్వింది. కట్ట లేకుండా నీళ్ళెలా నిలుస్తాయి? అదీ నీరుగంటి నోట! సాక్షి ఉన్నాడు గానీ, పాపం రంగప్పకు అక్కడున్నన్నాళ్ళూ కళ్ళకు గంతలే.

ఊరు నవ్వితే నవ్వింది. ఇంట్లో నాగక్క కూడా, "కోతలు కోసేదానికి మద్రాసు దాకా పోవల్లనా?" అనేసరికి ఉలిగప్ప మనసు చివుక్కుమంది. పెళ్ళాం నమ్మకపోతే ఇంకెవరు నమ్మితే ఏం?

మర్నాడు పొద్దున్నే చావడికి పోయి, "ఉండండప్పా, సాక్ష్యం తెస్తా" అని ఇంటికి పరుగెత్తాడు. మద్రాసు నుంచి తెచ్చి మూటలో దాచిన పెద్ద సీసా ఖాళీగా ఉంది.

"దీంట్లో నీళ్ళేవే?"

"సంగటికి ఎసరు పెట్టినా. బావి అడుగంటి ఉండాది, నీళ్ళు సీసాలో దాచుకుంటారా ఎవురైనా?"

ఉలిగప్ప తల పట్టుకుని కూలబడ్డాడు. నాగక్క ఇంత సంగటి నోట్లో వేసుకుని మొహం వికారంగా పెట్టింది.

"థూ! నేను ఉప్పే వేయలేదే!"

"అదేనే సముద్రం," అన్నాడు ఏడుపు గొంతుతో.

నాగక్క సంగటి ముద్దలు తట్టలో పెట్టుకుని తిన్నగా చావడికి పోయి తలా ఇంత పెట్టింది. తిన్నవాళ్ళంతా చెంబుల కోసం తడుముకున్నారు. సంజీవప్ప మాత్రం మూతి తుడుచుకుంటూనే పట్టు విడవలేదు.

"ఉప్పు సరే. మరి కట్ట?"

"గొంతులోకి దిగని నీళ్ళకు కట్ట ఎవురు కడతారప్పా?" అంది నాగక్క.

మద్రాసులో నిలబడి చూసినా ఉలిగప్పకు తోచని జవాబది.

"ముక్కాలు భాగమంట, ఒక్క కడవకు పనికిరాకపాయె," అని గొణుక్కుంటూ నాగక్క బావికి బయలుదేరింది. ఆ రోజు కడవ ఉలిగప్ప మోశాడు.