బూట్లు ఆరబెట్టే ధరమ్

ధరమ్ ఎడమచేత్తో బూటు మడమ పట్టుకుని, కుడిచేత్తో దాని నాలుకను బయటికి లాగాడు. పశువుల డాక్టరు జబ్బుగొడ్డు నోరు తెరిచినట్టు లోపలికి తొంగిచూశాడు. చీకటి, బురదనీళ్ళు, కుళ్ళిన ఆకు. బూటును బకెట్లోకి బోర్లించి, ఏదైనా దూకుతుందేమోనని ఒక క్షణం ఆగాడు. ఒక ఏడాది ఇలాగే బోర్లిస్తే జానెడు చేప పడిందనీ, దాన్ని వేయించి ఆ బూటు యజమానికే వడ్డించాననీ అతను చెబుతాడు. అతగాడు రెండో ముక్క అడిగాడట కూడా.

తరువాత లేసులు. చివరి కన్నం దాకా వదులు చేసి, లోపలి అట్టను ఊడదీసి, గుడారం నడిమి తాడుకు బట్టల క్లిప్పుతో తగిలించాడు. అప్పటికే అక్కడ వేలాడుతున్న అట్టలతో ఆ తాడు ఎండుచేపల కొట్టులా ఉంది. లోపల పాతగుడ్డతో తుడిచి, వార్తాపత్రికను ఉండలు చుట్టి వేళ్ళ దాకా కుక్కాడు. మొదటి తడి కాగితం తాగుతుంది. తాగినదాన్ని తీసి ఇంకొకటి పెట్టాలి. అది కూడా తాగాక ఇసుక.

బ్రిటిష్ కొలంబియా ఉత్తరాన, రోడ్డన్నది చేరని సరస్సు ఒడ్డున ఆ వేట క్యాంపు. విమానం వచ్చి నీళ్ళ మీద దిగితే తప్ప కొత్త మొహం కనిపించదు. పెద్ద కాన్వాస్ గుడారం, నడుమ రేకు పొయ్యి. పొయ్యికి ఒక పక్క వంట, ఒక పక్క బూట్లు. వేటగాళ్ళు పొద్దున్నే వాగు దాటి మూస్ కోసం చిత్తడిలో పడి తిరుగుతారు. మూస్ అంటే గుర్రమంత దుప్పి. అది దొరికినా దొరకకపోయినా బూట్లు మాత్రం నిండుగా వస్తాయి. మధ్యాహ్నం వచ్చి జత మార్చుకుని మళ్ళీ పోతారు. వదిలేసిన జతలో మర్నాడు కాలు పెట్టగలిగేలా చెయ్యడం ధరమ్ ఉద్యోగం. కట్టెలు కొట్టడం, వాగు నుంచి నీళ్ళు మొయ్యడం కూడా అతనివే గానీ, వాటి కోసం అతన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

బూటు ఆరబెట్టడమంటే నిప్పు పక్కన పెట్టడమే అనుకుంటారు జనం. అలా పెడితే తోలు అప్పడమవుతుంది, అడుగు ఊడి చేతికొస్తుంది. ధరమ్ వాటిని పొయ్యికి దూరంగా, పెళ్ళి పంక్తిలో కూర్చోబెట్టినట్టు వరుసగా పెడతాడు. ఇనప మూకుడులో వాగు ఇసుక వేడిచేసి, పాత ఉన్ని సాక్సుల్లో పోసి ముడివేసి, ఒక్కో బూటులో ఒక్కో మూట దింపుతాడు. ఇసుక సంగతి అతనికి ఉగ్గుపాలతో వచ్చింది. ఫిజీలో చెరకు తోటల మధ్య పుట్టినవాడు. వాళ్ళమ్మ ఇసుకలో పల్లీలు వేయించి బస్సుల దగ్గర అమ్మేది. ఇసుక ఎంత కాగిందో చెయ్యి వెనకవైపు ఆనించి చెప్పేది. ధరమ్ కూడా చాలాకాలం అలాగే చెప్పాడు.

ఇప్పుడు చెయ్యి ఆనించడం లేదు. మూటను పైకెత్తి పెదవికి తాకించాడు.

పొయ్యి అవతల చపాతీలు చేస్తున్న ధాత్రి కర్ర ఆపేసింది.

"అంకుల్, ఆ సాక్సుకి ముద్దు పెడుతున్నారేంటి?"

"పెళ్ళి కాలేదు గదా పాపా. అలవాటు చేసుకుంటున్నా."

"ఛీ! అది కనాటా నుంచి వచ్చిన ఆయన సాక్సు."

"అచ్ఛా? అందుకే ఉప్పగా ఉంది."

ధాత్రిది నర్సరావుపేట. ఇదే రాష్ట్రంలో దక్షిణాన ఉన్న సర్రీలో డిప్లొమా ముగించి, వర్క్ పర్మిట్ మీద ఈ సీజనుకు వంటకు వచ్చింది. ధరమ్ తెలుగు విని మొదటిరోజు నోరు తెరిచింది. అతని ముత్తాత మద్రాసులో ఓడెక్కినప్పుడు వెంట తీసుకెళ్ళిన తెలుగు అది. ఆజీ దగ్గర, అంటే నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది. సంతలో దొరకని పాత గిన్నెలాంటి తెలుగు, మధ్యమధ్య హిందీ సొట్టలతో.

ఆ వారమంతా వాన. గుడారంలో కంపు రోజురోజుకూ ముదిరింది. మొదట అందరూ నవ్వారు. దేశానికి తూర్పున కనాటా అనే ఊరి నుంచి వచ్చిన టెలికాం ఇంజనీరు కోదండరామ్ జీవితంలో మొదటిసారి తుపాకీ పట్టినవాడు. భోజనానికి కూర్చుంటూ ముక్కు మూసుకుని, "ధరమ్ గారూ, నావి మాత్రం కొత్త బూట్లండీ. ఇది నా కంపు కాదు, రాసిస్తాను," అన్నాడు.

"తమరిది కాదు సార్. తమరి బూటు ఇంకా నేర్చుకుంటోంది," అన్నాడు ధరమ్.

మిగతా ఇద్దరు వేటగాళ్ళు ఒకరి బూట్లు ఒకరికి చూపించుకున్నారు. క్యాంపు యజమాని డగ్, తడి ఉన్ని, తడి తోలు, మగాళ్ళ పాదాలు కలిస్తే ఇంతేనని తేల్చి, రెండో ప్లేటు పెట్టించుకున్నాడు. తిని అందరూ మళ్ళీ అడవిలోకి వెళ్ళారు.

వాళ్ళు వెళ్ళాక ధాత్రి గిన్నెలు తోముతూ మూస్ కథ మళ్ళీ చెప్పమంది. ధరమ్ కట్టెమొద్దు మీద సర్దుకుని కూర్చున్నాడు. ఒక ఏడాది పొగమంచులో గుడారం గుమ్మం దగ్గర కొమ్ముల బట్టలదండెం కనిపిస్తే, డగ్ కొత్తగా తెప్పించాడు కాబోలనుకుని బూట్లన్నీ దానికి తగిలించాడట. తగిలించడం అయ్యాక దండెం కళ్ళార్పి, వెనక్కి తిరిగి అడవిలోకి నడిచిపోయింది. వేటగాళ్ళు సాక్సులతోనే విమానమెక్కారు. మరుసటి ఏడు అదే మూస్ వచ్చి గుమ్మంలో నిలబడింది. కొమ్ములకు బూట్లు అలాగే ఉన్నాయి, బాగా ఆరి.

"మొన్న చెప్పినప్పుడు పాలిష్ కూడా చేసిందన్నారు."

"అది ఇంకో మూస్."

ఆమె నవ్వుతూనే సర్రీ గురించి మొదలుపెట్టింది. బేస్‌మెంట్లో లాండ్రీ పక్కగది, అందులో ఒకదాని మీద ఒకటి మంచాలు, నిలబడితే తలకు తగిలే పైపు. ధరమ్ కాగితం ఉండ చుట్టడం ఆపాడు.

"పైపు ఎడమ పక్కనా, కుడి పక్కనా?"

"ఎడమ పక్క. ఎందుకంకుల్?"

"ఏమీ లేదు. అలాంటి గదిలోనే నేనూ ఉన్నా. అదే కావచ్చు, కాకపోవచ్చు. సర్రీలో బేస్‌మెంట్లన్నీ ఒక తల్లి పిల్లలే."

చాలా ఏళ్ళున్నాడు ఆ గదిలో. పైపు దగ్గరికి రాగానే తల దానంతటదే వంగేది. నిద్రలో లేచినా వంగేది. నిరుటి ఏడాది విమానాల నిండా స్టూడెంట్లు దిగారు. ఇంటి ఓనరు వచ్చి, మంచి మాటలే మాట్లాడి, అతన్ని ఖాళీ చేయించి, గదిలో అంతస్తుల మంచాలు వేయించాడు. ధరమ్ గిన్నెలు కడిగే హోటల్లోనూ అతని స్థానంలో ఒక స్టూడెంటు వచ్చి సింకు దగ్గర నిలబడ్డాడు. చురుకైన కుర్రాడు, తప్పు పట్టడానికేమీ లేదు. ధరమ్ కాఫీ షాపు ముందు ఉద్యోగాల లైన్లో నిలబడ్డాడు. వీధి మలుపు దాకా పిల్లలే. అంత లైన్లో తెల్లగడ్డం అతనొక్కడిదే. ఎవరి నాన్నగారో తోడొచ్చారనుకుని ఒకమ్మాయి అతనికి కుర్చీ తెచ్చి వేసింది.

మిగిలింది ఈ క్యాంపు. ఆగస్టు నుంచి మంచు పడేదాకా తిండి, పొయ్యి, తలవంచక్కర్లేని గుడారం. మంచు పడ్డాక ఏమిటన్నది మంచు పడ్డాక చూసుకోవచ్చు. నిరుడు ఒక వేటగాడి బూటు అడుగు వేడికి కరిగిపోతే, ఇంకొకసారి ఇలా అయితే ఇంటికేనని డగ్ చెప్పాడు. ఇల్లు లేదని ధరమ్ అతనికి చెప్పలేదు.

ఇంతలో ధాత్రి ముక్కు ఎగబీల్చింది.

"అంకుల్, ఏదో మాడుతోంది! తోలు! బూటు చూడండి!"

ధరమ్ కంగారుగా వరుసకేసి చూశాడు. ఏ బూటూ పొయ్యి దగ్గరికి జరగలేదు. అట్టలు తాడు మీదే ఉన్నాయి. ధాత్రి ఒక్కొక్క బూటూ ఎత్తి వాసన చూస్తూ వచ్చి, అతని దగ్గర ఆగిపోయింది. అతను మూకుడు దించబోతూ దాని ఇనపకాడను ఒట్టిచేత్తో పట్టుకుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి సన్నగా పొగ వస్తోంది.

ఆమె అరిచాక వదిలాడు. అరచేతిలో చర్మం తెల్లగా లేచింది. అతను దాన్ని తిప్పి చూసుకున్నాడు, బజారులో వంకాయ చూసినట్టు.

"నొప్పి లేదు పాపా. షుగరు. చేతులు, కాళ్ళు మొద్దుబారాయి, అంతే."

"అంతేనా? డగ్‌కి చెప్పాలి అంకుల్."

"చెప్తే విమానం ఎక్కిస్తాడు. ఎక్కిస్తే నేనెక్కడ దిగాలి?"

ఆమె గుడ్డ తడిపి చేతికి చుట్టింది. సీజను అయిపోవచ్చింది, అప్పటిదాకా నోరు మెదపనని మాటిచ్చింది. ఇచ్చాక ఇసుక తనే మూటల్లో పోసింది. పెదవికి తాకించడానికి మాత్రం ఒప్పుకోలేదు.

మూడింటికి వాన ఆగింది. మబ్బు చీలి, వారంలో మొదటిసారి ఎండ సరస్సు మీద పడింది. ధరమ్ మొహం వెలిగింది. బూట్లన్నీ బయటికి చేరవేయమన్నాడు. ధాత్రి జతలు జతలుగా మోసుకుపోయి, పడిపోయిన స్ప్రూస్ చెట్టు కొమ్మలకు తగిలించింది. అట్టలు, సాక్సులు, లేసులు, అన్నీ. గుడారం గుమ్మాలు రెండూ పైకి కట్టింది. గాలి ఈ చివర నుంచి ఆ చివరకు పారింది.

తిరిగొచ్చి రాత్రికి కూర తరగడం మొదలుపెట్టింది. ఒక ఉల్లిపాయ తరిగింది. రెండోది చేతిలోకి తీసుకుని ఆగింది.

బూట్లన్నీ బయట ఎండలో ఉన్నాయి. కంపు మాత్రం లోపలే ఉంది.

గుడారంలో ఉన్నది తను, పొయ్యి, పొయ్యి పక్కన మొద్దు మీద కునుకుతున్న ధరమ్. అతని కాళ్ళకు బూట్లున్నాయి. ఆ బూట్లు విప్పడం తానెప్పుడూ చూడలేదని ఆమెకు అప్పుడు తట్టింది. వాటితోనే వాగులో దిగేవాడు, వాటితోనే నిద్రపోయేవాడు.

"అంకుల్. బూట్లు విప్పండి."

"నావి పొడిగా ఉన్నాయి పాపా."

ఆమె వంగి ఎడమ బూటును వేలితో నొక్కింది. తోలులోంచి నీళ్ళు ఊరాయి.

"ఇవి పొడా?"

ధరమ్ కూడా వంగి చూశాడు. "తడి అని కాలు చెప్పాలి గదా," అన్నాడు, కాలు మీద చాడీ చెబుతున్నట్టు.

ముడి ఉబ్బిపోయి గోటికి లొంగలేదు. ధాత్రి ఉల్లిపాయలు తరిగే కత్తితోనే లేసు తెగ్గోసింది. బూటు వచ్చింది గానీ సాక్సు అంత తేలిగ్గా రాలేదు. వచ్చేటప్పుడు వెంట ఇంకేదో కూడా వచ్చింది. ఆమె మొహం తిప్పుకుని, మళ్ళీ చూసింది. బొటనవేలి కింద, మాంసంలో కూరుకుపోయి, శనగగింజంత గులకరాయి. చుట్టూ పాదం నల్లగా ఉంది. ఆ నలుపు మడమ దాకా పోయింది.

"ఇదెప్పుడు దూరింది?" అన్నాడు ధరమ్, ఆశ్చర్యంగా.

ఆమె లేచి నిలబడింది. అతని చెయ్యి ఆమె కొంగు కోసం వెతికినట్టు గాలిలో ఆడింది; ఆమె వేసుకున్నది రెయిన్‌కోటు.

"మాటిచ్చావు పాపా."

"చేతికిచ్చానంకుల్. కాలికివ్వలేదు."

అని, గుడారం బయటికి పరుగెత్తి, సరస్సు ఒడ్డు వెంట డగ్‌ని కేకేసుకుంటూ పోయింది. ఆ కేకకు చిత్తడిలో ఎక్కడో ఒక మూస్ లేచి పారిపోయిందనీ, తాను దాన్ని గురిచూసి ఉన్నాననీ కోదండరామ్ తరువాత చెప్పాడు. అది నిజమో కాదో ఎవరూ అడగలేదు.

డగ్ చెడ్డమనిషి కాదు. కాలు చూసి టోపీ తీశాడు, శాటిలైట్ ఫోను తీశాడు. ఎందుకు చెప్పలేదని ఒక్కసారి అడిగి, జవాబు కోసం ఆగకుండా తన కోటు తెచ్చి ధరమ్ మీద కప్పాడు. అప్పటికే ధరమ్ వణుకుతున్నాడు. ఆ వణుకు నాలుగు రోజులుగా ఉందనీ, చలి అనుకున్నాననీ చెప్పాడు.

ఎండ వాలకముందే విమానం దిగింది. కుడి బూటు విప్పడానికి ధరమ్ ఒప్పుకోలేదు. ఒక కాలికైనా మర్యాద ఉండనివ్వమన్నాడు. స్ట్రెచరు మీద ఒడ్డుదాకా మోస్తుంటే తల ఎత్తి ధాత్రిని వెతుక్కున్నాడు. ఆమె పక్కనే నడుస్తోంది.

"కోప్పడుతున్నారా అంకుల్?"

"ఆ కనాటా ఆయన బూట్లు కొత్తవి, మొండివి. చీకటి పడేలోగా కాగితం మార్చు. మరిచిపోతావు."

"మరిచిపోను."

"మరిచిపోతావు," అని కళ్ళు మూసుకున్నాడు.

ఆమె మరిచిపోలేదు. ఆ సాయంత్రం మొద్దు మీద కూర్చుని అన్ని జతల్లోనూ కాగితం మార్చింది. గుడారంలో కంపు లేదు. ఆ సంగతి అందరూ గమనించారు. కోదండరామ్ రెండుసార్లు ఏదో చెప్పబోయి, అన్నం కలుపుకున్నాడు.

మూడోనాడు మధ్యాహ్నం ఫోను వచ్చింది. డగ్ బయట నిలబడి విని, లోపలికి వచ్చి, కాలు తీసేశారనీ, అయినా విషం అప్పటికే రక్తంలోకి ఎక్కిందనీ, పొద్దున పోయాడనీ చెప్పాడు. సొంతవాళ్ళెవరని ఆసుపత్రివాళ్ళు అడుగుతున్నారన్నాడు. ధాత్రికి తెలియదు. ఫిజీ అంది. ఫిజీలో ఎవరు అంటే, పల్లీలు అమ్మే తల్లి గురించి తప్ప ఆమె దగ్గర ఇంకేమీ లేదు. డగ్, వచ్చే ఏడు వంటతోపాటు బూట్ల పని కూడా ఆమే చూసుకోవచ్చన్నాడు. దయగానే అన్నాడు. ఆమె పొయ్యిలో కట్టె పెట్టింది.

ఎడమ బూటు క్యాంపులోనే ఉండిపోయింది. డగ్ దాన్ని పొయ్యిలో వెయ్యమన్నాడు. రబ్బరు కాలితే లోపల ఉండలేమని వేటగాళ్ళలో ఒకడు అన్నాడు. సరస్సులోకి విసరడానికి కోదండరామ్ చేతిలోకి తీసుకుని, ఒడ్డుదాకా వెళ్ళి, వెనక్కి తెచ్చాడు. చివరికి ధాత్రి దాన్ని కట్టెల కుప్ప పక్కన, గుబురుగా నిలిచిన ఇంకో స్ప్రూస్ చెట్టు కింద నిలబెట్టింది.

మర్నాడు పొద్దున లేచేసరికి ఆ ఏటి మొదటి మంచు పడి ఉంది. కట్టెలు కనిపించలేదు, గుడారం తాళ్ళు కనిపించలేదు. చెట్టు కింద బూటు మాత్రం నిటారుగా నిలబడి ఉంది, తెగిన లేసు రెండు పక్కలా వేలాడుతూ, లోపల చీలమండ దాకా మంచుతో.