ఆ సాయంత్రపు గాలి

త్సుషిమా దీవి పడమటి ఒడ్డున, చేపలవాళ్ల సంఘం రేడియో గదిలో కూర్చుని సావయె ఏళ్ల తరబడి పడవలను పేరుపేరునా పిలుస్తోంది. పోయిన నెల ఒక సాయంత్రం ఆమె సొంత తమ్ముడు తొమెయో పడవ, ఫుకుజు మారు, పలకలేదు. తరవాత చెక్కలు దొరికాయి. మనిషి దొరకలేదు.

"ఆయన పిలిచి ఉంటే నీకు వినపడకపోయేదా వదినా? నిద్రలో కూడా ఆయన గొంతు పోల్చేదానివి," అంటుంది మరదలు నాట్సుకో రోజూ. "పిలవలేదంటే పిలిచే వ్యవధే లేదన్నమాట. బాధ తెలియకుండా పోయారు."

ఆ ఒక్క మాట పట్టుకునే ఆ పిల్ల ఇంత ముద్ద తింటోంది.

సావయెకే ముద్ద దిగడం లేదు. వెచ్చగా మబ్బేసిన రోజుల్లో అవతలి ఒడ్డు కొరియావాళ్ల కబుర్లన్నీ రేడియోలో వచ్చి పడతాయి. ఆ గోల పడలేక అక్కడ అందరూ చేసే పనే ఆ సాయంత్రం ఆమె కూడా చేసింది. రొద తగ్గించే నాబ్ బిగించింది. బిగిస్తే రొదతో పాటు సన్నని గొంతులూ తెగిపోతాయి. తొమెయో రేడియో చూస్తే ముసలిది. కొత్తది కొనరా అని ఎంత పోరినా, "నీ చెవులుండగా నాకు కొత్తదెందుకే అక్కా?" అని పళ్లికిలించేవాడు, వెధవ!

సంఘం వెనక కొండ మీద షిగాకీ అనే పరిశోధకుడు లేజరు కాంతిని ఆకాశంలోకి వదిలి, తిరిగొచ్చిన వెలుగును బట్టి ఏ ఎత్తున ఎంత తేమ ఉందో కొలుస్తాడు. రేడియో మాట ఎంత దూరం పోతుందో ఆ తేమను బట్టే తెలుస్తుందట. ఒక మధ్యాహ్నం సావయె ఆయాసపడుతూ కొండెక్కి, తేదీ చెప్పి అడిగింది.

"బాబూ, ఆ సాయంత్రం గాలి ఎలా ఉంది? మనవాళ్లు వేటాడే చోటునుంచి మాట ఇక్కడిదాకా వచ్చేదా?"

రాదని చెప్పు నాయనా, అని లోపల దండం పెట్టుకుంటోంది.

అతనికేం తెలుసు పాపం! తెర మీద రంగుల చారలు చూపిస్తూ హుషారుగా అందుకున్నాడు. "ఎంత చక్కటి పొర పడిందనుకున్నారు పిన్నిగారూ! సముద్రం మీద తేమ మూత పెట్టినట్టు పరుచుకుంది. మాట పైకి పోదు, దాని కిందే సాగుతుంది. అవతలి ఒడ్డు బుసాన్ మాటలే వచ్చాయిగా! మన పడవైతే ఎంత నీరసపు రేడియో అయినా, సన్నగానైనా, వచ్చి తీరాలి."

"వచ్చి తీరాలా?"

"సందేహమే లేదు."

కొండ దిగుతూ దారిలో కూలబడి ఏడ్చింది. తమ్ముడు పిలిచాడో లేదో ఏ లేజరూ చెప్పదు. పిలిచి ఉంటే మాత్రం ఆ పిలుపు ఆమె గదిదాకా వచ్చింది, ఆమె చేతి కిందే తెగిపోయింది.

గదిలో నాట్సుకో అన్నం ముద్దలు తెచ్చి ఎదురుచూస్తోంది. "ఏమన్నాడు వదినా?"

"పిలిచి ఉంటే వినపడేదట."

"చూశావా! నేను చెప్పలేదూ!" మరదలు కళ్లు తుడుచుకుని ఇన్నాళ్లకు నిండుగా ఊపిరి పీల్చుకుంది.

సాయంత్రం పిలుపు వేళయింది. నలభై తొమ్మిదో రోజు దాకా పోయిన పడవనూ పిలవడం ఆ ఊరి ఆనవాయితీ. సావయె నాబ్ పూర్తిగా వదులు చేసింది. కొరియా మాటలూ గరగరలూ గది నిండా కమ్ముకున్నాయి.

"ఫుకుజు మారు, ఫుకుజు మారు, వినపడుతోందా?"

"అబ్బ, చెవులు పోతున్నాయి వదినా! కాస్త తగ్గించు," అంది నాట్సుకో.

"ఉండనీవే," అంది సావయె, రేడియోకి చెవి ఆనించి.