పలక కింది గడప

నేను ఒక గడపను. ఇప్పుడు నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు కాబట్టి ఆ మాట నేనే చెప్పుకోవాల్సి వస్తోంది. ఒకప్పుడు వీధి గుమ్మంలో దర్జాగా ఉన్నదాన్ని, ఇవాళ పెరటి షెడ్డులో చెక్క నేల కింద, చీకట్లో ఉన్నాను. నా మీద పలకలు, పలకల మీద మనుషులు. ఇక్కడికెలా చేరానో చెబుతాను. చెప్పేటప్పుడు కాస్త ఏడుపుగొట్టుతనం కనబడితే సర్దుకుపోండి, నా స్వభావమే అంత.

కాలవగట్టున సూర్రావు తండ్రి పెంకుటిల్లు కట్టించినప్పుడు మద్ది మానులోంచి నన్ను చెక్కారు. రెండు చివర్లా తామరపూలు దించారు. నిలబెట్టిన రోజున నా కింద నవధాన్యాలు పోసి కొబ్బరికాయ కొట్టారు. మనుషుల తీరు చూడండి. దారికి అడ్డంగా ఒక కొయ్యను తామే పెట్టుకుంటారు, దాన్ని తొక్కకూడదంటారు, దాని మీద కూర్చోకూడదంటారు, దాటబోతుంటే ఎవరైనా తుమ్మితే వెనక్కొచ్చి నీళ్లు తాగి మళ్లీ బయల్దేరతారు. నాకేం, ఆ మర్యాదలన్నీ కిమ్మనకుండా పుచ్చుకున్నాను.

సూర్రావు భార్యగా అనంతలక్ష్మి ఆ ఇంటికొచ్చాక నా పంట పండింది. ప్రతి శుక్రవారం పొద్దున్నే నన్ను కడిగి, అరచేత్తో పసుపు రాసేది. తామరపూల దగ్గర మాత్రం వేలికొనతో ఒక్కో రేకులోకీ పసుపు దించేది. చీరలకూ జాకెట్లకూ పూసలు, రాళ్లు కుట్టే మగ్గం పని ఆవిడది. సూది పోట్లకు వేళ్ల చివరలు గరుకుదేలి ఉండేవి. ఆ గరుకంటే నాకు ప్రాణం. సూర్రావు చెప్పులు తొడుక్కుంటూ నా మీద కూలబడితే ఆవిడ ఊరుకునేది కాదు, లేచేదాకా సాధించేది.

తర్వాత పెంకుటిల్లు పడగొట్టి స్లాబు ఇల్లు వేశారు. దానికి కొత్త టేకు గడప వచ్చింది. పాత గడపను అమ్మకూడదు, పొయ్యిలో పెట్టకూడదు కాబట్టి నన్ను పెరటి గోడకు ఆనించి వదిలేశారు. వచ్చిన చుట్టాలంతా వీధిలో నిలబడి గడప ఎంత బాగుందోనని మెచ్చుకోవడం నాకు వినబడేది. దాన్ని నేను చూసిందే లేదు. అయినా దానంటే పట్టరాని అసూయ. శుక్రవారం పొద్దున్న గాజుల చప్పుడైతే చాలు, ఆ చెయ్యి ఇప్పుడు దాని మీద ఉంటుందని రగిలిపోయేదాన్ని. నిన్నగాక మొన్న వచ్చినదానికి ఆ యోగం ఏమిటి? నేను వానకు తడుస్తూ, దానికి చెదలు పట్టాలని కోరుకున్నాను కూడా.

ఇంతలో అనంతలక్ష్మి పెరట్లో మగ్గాల షెడ్డు పెట్టాలనుకుంది. కుట్టేవాళ్లు నేల మీదే కూర్చోవాలి. అదేమో కాలవ పక్క నేల, ఏడాదంతా చెమ్మ. ఖరీదైన చీరలు ముక్కిపోతాయని చెక్క నేల వేయించమంది. వడ్రంగి నాగలింగాచారి వచ్చి ఇటుక దిమ్మలు కట్టించి, నీళ్ల గొట్టంతో మట్టం చూసి, పాత ఇంటి దూలాలకు చెద పట్టకుండా తారు పూసి దిమ్మల మీద వరసగా పరిచాడు. నేల నడిమధ్య ఎడం ఎక్కువైన రెండు దూలాల నడుమ, పలకల కింద గట్టి కొయ్య ఒకటి అడ్డం పడాలి. దానికోసం తెచ్చిన కొయ్య చూస్తే పుచ్చిపోయి ఉంది. ఆచారి కళ్లు నా మీద పడ్డాయి. తటపటాయిస్తూ సూర్రావును అడిగితే, ఆయన పెట్టెయ్యమన్నాడు, ఆవిడ చెవిన మాత్రం వెయ్యొద్దన్నాడు. ఆచారి నన్ను తాకి కళ్లకద్దుకుని, పూలను మట్టివైపు తిప్పడానికి మనసొప్పక పైకే ఉంచి అమర్చాడు. ఆ తర్వాత పలకలు బిగించేశాడు.

నా అసూయకు అక్కడ కొత్త మేత దొరికింది. పలకలను రోజూ తడిగుడ్డతో తుడుస్తారు, వాటి మీద జంపఖానా పరుస్తారు. బరువు మోసేది నేనైతే, నేల ఎంత నున్నగా ఉందోనన్న మెచ్చుకోలు వాటికి. ఇక వీధి గుమ్మంలో ఆ టేకు దొరసాని సంగతి సరేసరి.

ఎండాకాలానికి పలకలు ఎండి సందులు విడ్డాయి. ఒక పెళ్లికూతురి జాకెట్టు మీద కుట్టమని, వాళ్ల అమ్మమ్మ హారంలోని కెంపు ఇచ్చి వెళ్లారు. మర్నాడే పెళ్లి. ఆ కెంపు అనంతలక్ష్మి చేతిలోంచి జారి, సందులో దూరి, నా తామరపువ్వులో పడి ఆగింది. పైన అందరి చేతులూ ఆగిపోయాయి. అది దొరక్కపోతే ఆ ఇంటివాళ్లకు మొహం చూపించలేనంటూ ఆవిడ ఆచారికి కబురు పెట్టింది. కబురందుకుని ఆచారి వచ్చి ఒక పలక ఊడదీశాడు. ఆవిడ బోర్లా పడుకుని లోపలికి చెయ్యి పెట్టి తడిమింది. వేళ్లకు కెంపు తగిలింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఒక రేకు, దాని పక్క రేకు, ఆ పక్కది తడుముతూ ఉండిపోయింది. అవే వేళ్లు, అదే గరుకు.

కెంపును పక్కనున్న అమ్మాయి చేతిలో పెట్టి సూర్రావును పిలిపించింది.

"మన గడపే కదండీ ఇది?"

ఆయన నసిగాడు. పైన పలకలున్నాయి కదా, ఎవరూ తొక్కడం లేదన్నాడు. అయినా వీధి గుమ్మంలో కొత్తది ఉండగా దీని గొడవెందుకన్నాడు.

"దానికి పసుపు రాసి కడుగుతుంటే టేకు పాడైపోద్దని పసుప్పచ్చ పెయింటు కొట్టించేసింది మీరే కదండీ. ముగ్గు కూడా స్టిక్కరే అంటించారు. గృహప్రవేశం నాడు ముట్టుకున్నాను దాన్ని. మళ్లీ చెయ్యి పెట్టే పనేం పడింది నాకు?"

నేను నిర్ఘాంతపోయాను. ఇంతకాలం నేను రగిలిపోయింది ఒక పెయింటు డబ్బాను తలుచుకునా?

తీసెయ్యమంటారా అమ్మా అని ఆచారి అడిగాడు. తీస్తే నడిమి నేల కుంగుతుందని, ఈ పూటకు మగ్గం నిలవదని కూడా చెప్పాడు. ఆవిడ మరోసారి వంగి నా వైపు చూసింది. నన్ను వీధిలోకి మోసుకెళ్లి, ఆ పెయింటుదాన్ని పీకేసి, నా చోట నన్ను కూర్చోబెడతారని నేను ఎంతో ఆశపడ్డాను.

"ఉంచెయ్యండి ఆచారిగారూ, పలక బిగించెయ్యండి," అంది. తర్వాత కుట్టేవాళ్ల వైపు తిరిగింది. "ఇక్కడ ఇంకెవరూ కూర్చోకండే. ఇది నా చోటు. గడప మీద కూర్చున్న పాపం ఏదన్నా ఉంటే నాకే తగలనీ."

ఆ పూటే కెంపు కుట్టడం అయిపోయింది. అప్పటి నుంచీ ఆవిడ అక్కడే కూర్చుంటోంది. వీధి గుమ్మంలో ఉన్నప్పుడు వారానికొకసారి నా దగ్గర వంగేది, మిగతా రోజులన్నీ నన్ను దాటుకుపోయేది. ఇప్పుడు పొద్దున్న కూర్చుంటే దీపాల వేళకు గానీ లేవదు. నడుం నొప్పికి ఎటు ఒరిగేదీ, ఏ కుట్టు దగ్గర ఊపిరి బిగబట్టేదీ నాకు తెలుస్తుంది. వీధి గుమ్మంలో ఉన్నదాని మీద నాకిప్పుడు కోపం లేదు, పాపం అనిపిస్తుంది. కానీ నా స్వభావం ఎక్కడికి పోతుంది? ఆవిడకూ నాకూ మధ్య అంగుళం మందాన ఆ పలక ఉంది. ఆవిడ వచ్చి కూర్చోగానే ఆ సంగతి ముందు దానికే తెలుస్తుంది, ఆ తర్వాతే నాకు. దాన్ని తలుచుకుంటే మాత్రం నాకు ఒళ్లు మండిపోతుంది.