ఒంటికాలి పరీక్ష

బట్టల కొట్టు నడిపేవాడికి ఏ మాట అంటే ఎంత నష్టమో తెలిసుండాలి. నాకు తెలుసు. తెలిసే అన్నాను.

కోపం తగ్గుతుందని మా ఆవిడ నన్ను కరాటే క్లాసుకు పంపింది. ఆమె తమ్ముడు, అంటే నా కొట్లో గుడ్డ కొలిచే మనిషి, అక్కడ నల్ల బెల్టుకు ఒక్క మెట్టు కింద ఉన్నాడు. నాది తెల్ల బెల్టు. సోమవారం నన్ను ఒంటికాలి మీద నిలబెట్టి భుజానికి రెండు వేళ్లు ఆనించాడు. వెల్లకిలా పడ్డాను. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"పడటం కూడా ఒక పాఠమే బావా. ఇవాళ్టికి అది అయిపోయింది," అన్నాడు చెయ్యి అందిస్తూ.

మర్నాడు సాయంత్రం అతనికి నల్ల బెల్టు పరీక్ష. రెండేళ్లుగా దానికోసమే కష్టపడ్డాడు. నాకది తెలుసు. పరీక్ష రోజు పొద్దున కొట్టు నిండా జనం ఉండగా టైలరమ్మకు నాలుగు మీటర్లు కోశాడు.

"తక్కువ కోశావు," అన్నాను.

"లేదు బావా."

"నా ఇంట్లో తింటూ నాకే ఎదురు చెప్తావా? మీ అక్క మొహం చూసి ఉంచుకున్నాను గానీ, నిన్నెవడు పనిలో పెట్టుకుంటాడు?"

టైలరమ్మ మీటరు కర్ర తీసుకుని తనే కొలిచింది. "సరిగ్గానే ఉందండీ," అంది, నా వైపు చూడకుండా. అతను గుడ్డ మడతపెట్టి ఆమె చేతికిచ్చాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాలేదు.

పరీక్షలో ఒంటికాలిపై నిలబడాలి, భుజం నెట్టినా రెండో కాలు దించకూడదు. నెట్టడానికి కరాటే మాస్టారు నన్నే పిలిచారు. వేళ్లు ఆనించానో లేదో అతని కాలు నేలను తాకింది. మూడుసార్లూ అంతే.

"ఆర్నెల్లాగి రా," అన్నారు మాస్టారు.

"తప్పు నాది మాస్టారూ. పొద్దున అందరి ముందూ నానా మాటలన్నాను."

"అనుండొచ్చు. కాలు మాత్రం అతనిదే కదండీ."

మెట్ల మీద అతను చెప్పులు తొడుక్కుంటున్నాడు. "రేపు కొట్లో అందరూ ఉండగా తప్పు ఒప్పుకుంటాను," అన్నాను.

"రేపు వచ్చేది వేరేవాళ్లు బావా. వాళ్లకేం తెలుసు?"

నిజమే. పొద్దున విన్నవాళ్లలో నాకు ఇల్లు తెలిసింది ఒక్క టైలరమ్మదే. అతన్ని బతిమాలి వెంటబెట్టుకుని వెళ్లాను. ఆమె మిషను ఆపింది.

"పొద్దున ఇతన్ని ఊరికే అన్నానమ్మా. ఇతను లేకపోతే నా కొట్టు నడవదు."

"నాకెందుకండీ, ఆయనకే చెప్పండి," అని మళ్లీ కుట్టుకోసాగింది.

అతను నా వెనకే నిలబడి ఉన్నాడు. అటు తిరగడానికి నాకు చాలాసేపు పట్టింది.