కాఫీ డబ్బాలో ‘మ’

శనివారం పొద్దున్నే ఏసుపాదం గ్యారేజీలోంచి కారు తీసి వీధిలో పెట్టేవాడు. గ్యారేజీ నేల మీద పాత కార్పెట్ ముక్క పరిచి, "ఇంక నీ రాజ్యం నీది దీనా" అని కాఫీ కప్పు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయేవాడు. శాంటా క్లారాలో ఒక కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో వారమంతా తెల్లటి ముసుగు తగిలించుకుని నిలబడే మనిషి. శనివారం ఆయనకి నిశ్శబ్దం కావాలి. దీనమ్మకి గోల కావాలి.

నరసాపురంలో మిషన్ బళ్ళో దీనమ్మ చిన్నపిల్లల టీచరు. ఆ సర్టిఫికెట్టు కాలిఫోర్నియాలో చెల్లలేదు. అందుకని 1981లో తమ తెలుగు సంఘంలోని పిల్లలందర్నీ గ్యారేజీలో పోగేసింది. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకి తీసుకుని ఆరాధన చేసుకునే సంఘం అది. పట్టుమని పాతిక కుటుంబాలు లేవు.

పుస్తకం తెరిచేది కాదు. ఒక ట్రేలో ఉప్పు పోసి అందులో వేలితో గీతలు గీయించేది. బంగాళాదుంపని సగానికి కోసి అచ్చులు చెక్కిచ్చేది. కోడిగుడ్ల అట్టలు కత్తిరించి గొంగళిపురుగులు, ఊలు దారం అంటించి వాటికి మీసాలు. అన్నిటికంటే పిల్లలు ఎదురుచూసేది పిండి కోసం. మైదా, ఉప్పు, కాస్త నూనె, నీళ్ళు పొయ్యి మీద వేళ్ళకి అంటుకోకుండా అయ్యేదాకా కలిపి, రంగు చుక్కలు వేసి తెచ్చేది.

"ముందు పాము చెయ్యండి. సన్నగా, పొడుగ్గా. ఇప్పుడు దాన్ని పడుకోబెట్టి చుట్టండి. తల పైకెత్తించండి. ఏమొచ్చింది?"

"వ!" అని అరిచేవాళ్ళు.

"దానికి పక్కన ఇంకో తోక పెడితే?"

"మ!"

చేసిన అక్షరాల్ని గ్యారేజీ ముందు ఎండలో పెట్టేవాళ్ళు. మధ్యాహ్నానికి ఆరి, అక్షరాలు లేచి ఒళ్ళు విదుల్చుకునేవి. ఏ పిల్ల చేసిన అక్షరం ఆ పిల్ల వెనకాలే ఇంటికి నడిచేది. దూరమైతే కారెక్కేది. అక్షరం వెంట బయల్దేరాక ఆ పలుకు పిల్ల నాలిక మీద కుదురుకునేది. "మా వాడి ‘ఐ’ ఫ్రిజ్ కింద దూరింది, చీపురు పెట్టి తీశాను" అని సంఘంలోని జ్ఞానమ్మ ఫోన్ చేసేది. ఒకసారి వాళ్ళ వాడి ‘ళ’ని ఉత్తరాల బండి తొక్కేసింది. ఇంకో ‘ళ’ చేసుకునేదాకా వాడు నీల్లు, పెల్లి అంటూ తిరిగాడు. అందరూ నవ్వుకున్నారు.

అక్షరాలకి పగుళ్ళొచ్చేవి. వారం వారం అవి పిల్లలతో గ్యారేజీకి వస్తే, దీనమ్మ తడివేలితో వాటి ఒళ్ళు రాసి పంపేది.

సంఘం సెక్రటరీ దేవకుమార్ ఇంజినీరు. ఆయన భార్య లూసీ. వాళ్ళ కూతురు మార్తకి మూడు దాటి నాలుగొస్తున్నా మాట రాలేదు. డాక్టర్లు చెవులు చూశారు, గొంతు చూశారు. లూసీ ఆ పిల్లని దీనమ్మ ముందు కూర్చోబెట్టి, "మీరే ఏదైనా చెయ్యాలక్కా" అని ఏడ్చింది.

దీనమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని, దాని చేతుల మీద తన చేతులు వేసి పాము చేయించింది. వారాల తరబడి పాములే. చివరికి ఒక శనివారం మార్త తనంతట తాను ఎర్రటి ‘మ’ చేసింది. వంకరగా, బలంగా. ఆ సాయంత్రం కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక సీట్లోంచి "అమ్మా" అని వినపడింది. లూసీ కారు వెనక్కి తిప్పుకుని దీనమ్మ ఇంటికొచ్చి, గుమ్మంలోనే ఆవిడ్ని వాటేసుకుంది.

అప్పట్నుంచి ఇద్దరికీ స్నేహం. ఎవరికీ చెప్పనిది దీనమ్మ లూసీకి చెప్పింది. తనకి మూడుసార్లు కడుపు నిలవలేదని, మూడోసారి పేరు కూడా అనుకున్నామని.

మార్తకి గ్యారేజీ అంటే ప్రాణమైంది. ఇంటికి పోదాం రమ్మంటే దీనమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఏడ్చేది. మొదట్లో లూసీ నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. ఒక రోజు పిల్లని రెక్క పట్టి లాక్కెళ్ళింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో భోజనాలు. అందరూ పేపర్ ప్లేట్లు పట్టుకుని ఉన్నారు. లూసీ గొంతు పెంచి అంది: "మన పిల్లల్ని ఎవరి చేతికిస్తున్నామో చూసుకోవాలి. మూడుసార్లు కడుపు నిలవని ఇల్లది. ఆవిడకి పిల్లలు లేక మన పిల్లల్ని మచ్చిక చేసుకుంటోంది. వచ్చే వారం నుంచి క్లాసు మా ఇంట్లో పెడదాం. నేను మంచి వర్క్‌బుక్స్ కొన్నాను."

దీనమ్మ చేతిలో ప్లేటు అలాగే ఉంది. ఎవరైనా ఒక్క మాట అంటారని చూసింది. జ్ఞానమ్మ పులిహోర కలుపుకుంటోంది. దేవకుమార్ నీళ్ళ కోసం వెళ్ళాడు. పాస్టరు గారు పైకప్పు ఫ్యాన్ వైపు చూశాడు.

ఇంటికొచ్చాక ఏసుపాదం అన్నాడు: "వదిలెయ్ దీనా. దేవుడు చూసుకుంటాడు."

"ఆయనకి చాలా పనులున్నాయి. ఇది నేను చూసుకుంటాను."

శనివారం పిల్లలు రాలేదు. కానీ అక్షరాలకి ఎవరూ చెప్పలేదు కదా. పొద్దున్నే పేవ్‌మెంటు పట్టుకుని ఒక్కొక్కటే వచ్చాయి. దీనమ్మ అన్నిటికీ తడివేలు రాసింది. జ్ఞానమ్మ కొడుకు ‘ళ’కి కూడా రాసి, జాగ్రత్తగా వెళ్ళమని పంపింది. ఎర్రటి ‘మ’ వంతు వచ్చినప్పుడు దాన్ని అరచేతిలోకి తీసుకుంది. కాఫీ డబ్బాలో పెట్టి మూత బిగించింది.

ఆ సాయంత్రం దేవకుమార్ ఇంట్లో మార్త అన్నానికొచ్చి "అ—" అని ఆగింది. పెదాలు కలవలేదు. మళ్ళీ ప్రయత్నించింది. "నాన్నా" అంటే వచ్చింది. "తాతా" వచ్చింది. తన పేరు అడిగితే "ఆర్తా" అంది. ఇంగ్లీషులో మామీ అనిపిద్దామన్నా అక్కడా అదే అక్షరం. నాలుగు రోజులు పిల్ల తల్లిని దేనితోనూ పిలవలేదు. అయిదో రోజు, ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ పిలిచే మాటతోనే పిలిచింది.

"ఆంటీ, పాలు."

లూసీ షాపు నుంచి ఎర్రటి ప్లే-డో పిండి కొనుక్కొచ్చి పిల్ల చేత ‘మ’ల మీద ‘మ’లు చేయించింది. అవి ఎండి, కిటికీలో పడి ఉన్నాయి. వర్క్‌బుక్‌లో పేజీలకి పేజీలు దిద్దించింది. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది. సూపర్‌మార్కెట్లో మార్త "ఆంటీ, ఆంటీ" అని చెయ్యి లాగుతుంటే క్యాషియర్ అమ్మాయి వంగి, మీ ఆంటీ ఎంత మంచిదో కదా అని పిల్లకి స్టిక్కర్ ఇచ్చింది. లూసీ సరుకులు అక్కడే వదిలేసి బయటికొచ్చేసింది.

ఈ సంగతి జ్ఞానమ్మ ఫోన్లో చెప్పింది. దీనమ్మ రెండోసారి చెప్పించుకుని విన్నది. ఆ రోజు ఆవిడ కూనిరాగం తీస్తూ చేపల పులుసు వండింది. డబ్బా మూత తీసి, ‘మ’ ఒళ్ళు తడివేలితో రాసింది. రోజూ రాసేది. దాన్ని ఎండనివ్వలేదు. అదీ చీకట్లో ఒద్దికగా, ఆవిడ వేలి కోసం ఎదురుచూస్తూ ఉండేది.

నెలలు గడిచాక లూసీ వచ్చింది. సగం మనిషి అయిపోయింది.

"వందనాలక్కా."

"రా లూసీ. టీ పెడతాను."

"టీ వద్దక్కా. మార్త ‘మ’ మీ దగ్గరుంది."

"ఉంది."

"ఇచ్చెయ్యండి."

"నీ బిడ్డ నిన్నేమని పిలుస్తోంది?"

లూసీ తల దించుకుంది.

"నీ నోటితో చెప్పు. వినాలి నేను."

"ఆంటీ అని."

దీనమ్మకి ఎండలో నడిచొచ్చి చల్లటి నీళ్ళు తాగినట్టయింది. "అలవాటవుతుందిలే" అంది. "నాకు అవలేదూ?"

లూసీ ఆవిడ కాళ్ళ మీద పడింది. దీనమ్మ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. "ఇక్కడ కాదు. ఎక్కడ అన్నావో అక్కడ. ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందు."

ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళకి లూసీ లేచి నిలబడింది. "దీనమ్మక్క నన్ను నమ్మి చెప్పుకున్న కష్టాన్ని నేను ఇదే హాల్లో నలుగురిలో పెట్టాను. నా బిడ్డకి మాట తెప్పించింది ఆవిడే. నేను కుళ్ళుకున్నాను" అంది. ఎవరైనా చాల్లే అంటారేమోనని చూసింది. దీనమ్మ అనలేదు. మొత్తం చెప్పనిచ్చింది. లూసీ చెప్తున్నంతసేపూ ఆరోజు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ ఒక్కో మొహాన్నీ తీరిగ్గా చూసింది. జ్ఞానమ్మ చూపు తప్పించుకుంది. పాస్టరు గారు దగ్గాడు.

మర్నాడు తల్లీకూతుళ్ళు గ్యారేజీకి వచ్చారు. దీనమ్మ మాట తప్పలేదు. డబ్బా మూత తీసింది. ‘మ’ అంచు మీదికెక్కి బయటికి చూసింది. దిగింది. ఎదురుగా చెయ్యి చాపిన లూసీని దాటి, మార్త బూట్లు ఒకసారి వాసన చూసి, తిరిగి వచ్చి దీనమ్మ చెప్పుల వెనకాల నక్కింది.

మార్త పెదాలు కలిశాయి. "అమ్మా!" అంది లూసీని చూసి.

లూసీ కార్పెట్ మీద కూలబడింది. పిల్లని గట్టిగా పట్టుకుని, ఇంకోసారి అను, ఇంకోసారి అను అని అనిపించుకుంది. తర్వాత ‘మ’ని రుమాల్లో పెట్టుకుని కారు వైపు నడిచింది. డ్రైవ్‌వే సగం దాటేసరికి రుమాల్లోంచి పిండి రాలడం మొదలైంది. మార్త "అ—" అని ఏడుపు అందుకుంది. దీనమ్మ పరిగెత్తుకుంటూ వెళ్ళి ‘మ’ని లాక్కుని, ఉమ్మి తడి చేసి పగుళ్ళు పూడ్చింది.

"నేను ఆపట్లేదు లూసీ" అంది ఆయాసపడుతూ. అది నిజమే. "అదే రానంటోంది."

లూసీ చాలాసేపు ఆ ఎర్రటి ముద్దని చూసింది.

"రేపు తీసుకురావచ్చా అక్కా, పిల్లని?"

హాల్లో సాక్ష్యం కంటే, కాళ్ళ మీద పడడం కంటే, ఆ ఒక్క ప్రశ్న దీనమ్మకి ఎక్కువ తీపిగా ఉంది.

"నాలుగు దాటాక రా" అంది.

అలా రోజూ సాయంత్రం లూసీ వచ్చేది, తన కూతురి చేత అమ్మా అనిపించుకోవడానికి. శనివారాలు పిల్లలందరూ తిరిగి గ్యారేజీకే వచ్చారు. లూసీ అట్టలు కత్తిరించేది, జిగురు తుడిచేది, పిండి పిసికేది. "ఇంకా మెత్తగా రావాలి లూసీ" అని దీనమ్మ పిల్లలందరి ముందూ అంటే, "సరే అక్కా" అని మళ్ళీ పిసికేది.

1984లో దేవకుమార్‌కి టెక్సాస్‌లో మేనేజర్ ఉద్యోగం వచ్చింది. లూసీ రానంది.

"పిల్ల నిన్ను ఏమని పిలిస్తే ఏంటి? పెద్దదైతే అదే అడ్జస్ట్ అవుతుంది" అన్నాడు దేవకుమార్.

"మీరు నాన్నా అనిపించుకుంటూ చెప్తున్నారు."

ఆయన ఆ ఆఫర్ వదులుకున్నాడు. మరుసటి వేసవిలో ఉన్న ఇల్లు అమ్మేసి, దీనమ్మ ఇంటికి సరిగ్గా ఎదురిల్లు కొన్నారు. దానికంటే పెద్దది, మంచి స్కూలున్న చోట, అదే ధరకి దొరికేది. లూసీ అక్కడికి చూడ్డానికి కూడా వెళ్ళలేదు. గ్యారేజీ కనపడే కిటికీ ఉందని ఈ ఇల్లే కావాలంది.

సామాను దింపిన రోజు సాయంత్రం మార్త నేరుగా గ్యారేజీలోకొచ్చి, దీనమ్మ పక్కన స్టూలెక్కి కూర్చుంది. ‘మ’ ఎగబాకి బల్ల మీదికొచ్చింది. వీధి అవతల లూసీ అట్టపెట్టెలు లోపలికి మోస్తోంది. గుమ్మంలో నిలబడి ఏసుపాదం ఇదంతా చూశాడు.

"ఒక సంసారాన్ని తెచ్చి నీ ఎదురుగా కట్టేసుకున్నావు" అన్నాడు. "ఇప్పుడైనా తీరిందా?"

"తీరిందండీ" అంది దీనమ్మ. మణికట్టుదాకా పిండిలో ఉన్నాయి ఆవిడ చేతులు.

"అమ్మా!" అని పిలిచింది మార్త, ఆవిడ చెవి పక్కనే.

దీనమ్మ చేతులు ఆగిపోయాయి. తల అటు తిరిగింది. నోరు కూడా తెరుచుకుంది.

వీధికి అవతల కిటికీ పైకి లేచింది. "ఆఁ, వస్తున్నానే!" అని పలికింది లూసీ.